చిన్నమ్మ పెట్టెలో సుయ్‌మన్న చప్పుడు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. చప్పుడు చేసే ప్రతి వస్తువులోనూ ఒక లోపం, ఆ లోపం వెనుక ఒక స్క్రూ, ఆ స్క్రూకు సరిపడే పనిముట్టు నా సంచిలో ఉంటాయని. జగిత్యాలలో మెకానికల్ డిప్లొమా ముగించి, సిరిసిల్లలో ఒక సాంచెల షెడ్డులో (మరమగ్గాలను మావాళ్లు సాంచెలంటారు) మరమ్మతు పనిలో చేరి అప్పటికి ఏడు నెలలు. నలభై సాంచెలు ఒక్కసారిగా ఆడుతుంటే వాటిలో ఏది కుంటుతోందో గోడ అవతలి నుంచే చెప్పేవాణ్ని. (సగం సార్లు నిజమయ్యేది. ఆ సగాన్నే గుర్తుంచుకునేవాణ్ని.)

ఒక శుక్రవారం రెండు రోజుల సెలవు దొరికి కోరుట్లలో చిన్నమ్మ ఇంటికి వెళ్లాను. ఆమె కొత్తగా హార్మోని పెట్టె కొన్నది. అన్నేళ్లూ వాళ్ల ఆడవాళ్ల భజన, వీధిలోని ఒక ముసలాయన పెట్టె మీదే నడిచింది. పెట్టె తాత అని అందరూ పిలిచే ఆయన పెట్టె తెచ్చేవాడు, పెట్టెతోపాటు ముందు పాట కూడా తానే అందుకునేవాడు. చిన్నమ్మ గొంతు ఎప్పుడూ వెనక వరుసలోనే కలిసిపోయేది. మర్నాడు శనివారం భజనలో, మొదటిసారిగా తన పెట్టె మీద తానే ముందు పాడబోతోంది.

మధ్యాహ్నం. వాకిట్లో తునికాకు వాసన. ఒళ్లో చాట పెట్టుకుని చిన్నమ్మ బీడీలు చుడుతుంటే, నేను చాప మీద కూర్చుని పెట్టె తిత్తిని మెల్లగా తెరుస్తూ మూస్తున్నాను. నిద్రపోతున్న పసిపాప పొట్టలా అది లేచి పడుతోంది. వీధి ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, ఆకు మీద చిన్నమ్మ వేళ్లు జారడం కూడా వినిపిస్తోంది. ఆ నిశ్శబ్దంలో, సన్నగా, ఎడతెగకుండా, సుయ్‌మని ఒక చప్పుడు.

"చిన్నమ్మా, పెట్టెల గాలి పోతున్నది."

"నాకేం ఇనస్తలేదు కొడుకా. అయినా నువ్వు సదువుకున్నోనివి, చూడు."

చూశాను. స్వరాలన్నీ మూసి తిత్తి నిండా గాలి పట్టి వదిలితే, అది దిగడానికి ఇరవై రెండు సెకన్లు పట్టింది, లోపం లేదు. అతుకుల వెంట ఊదుబత్తి తిప్పాను. పొగ నిటారుగా లేచింది. ఫోన్లో రికార్డు చేశాను. రికార్డులో ఆ చప్పుడు లేదు. (ఫోను మైకు నాసిరకమని నిర్ధారించాను.) ఇక మిగిలింది లోపలి తోలు మూతేనని తేల్చుకుని, స్క్రూలు విప్పి, తిత్తిని ఊడదీసి పక్కన పెట్టాను.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో పెట్టె తాత.

"ఏందే కోడలా, కొత్త పెట్టెకు అప్పుడే ఆపరేషన్ వడ్డదా? ఫికర్ జెయ్యకు. రేపు నా పెట్టె తెస్త. ముందు పాట గూడ నేనే అందుకుంట."

చిన్నమ్మ చేతులు ఆగిపోయాయి. మాట్లాడుతున్నా, నవ్వుతున్నా ఆగని చేతులవి.

ఆయన వెళ్లిన కాసేపటికి చిన్నాయన వచ్చాడు. ఇరవై ఏళ్లు సిరిసిల్లలో సాంచెలు నడిపిన మనిషి. చాప మీది ముక్కలను, నా ముఖాన్ని మార్చిమార్చి చూశాడు.

"ఇప్పుడు గూడ ఇనస్తున్నదారా?"

శ్రద్ధగా విన్నాను. "ఇనస్తున్నది."

"తిత్తి ఊడదీసి పక్కకు పెట్టినవ్ గదరా. ఇంకెవలు ఊదుతున్నరు?"

నేను పక్కనున్న తిత్తి వైపు చూశాను.

"గది పెట్టెల లేదు, నీ చెవులల్ల ఉన్నది. సాంచెల కాడ పని జేసినోళ్లందరికి ఉంటది. జీతం మీద కొసరు."

అన్ని పరీక్షలు చేశాను కానీ, పెట్టె పక్కన పెట్టి వినడమన్న మొదటి పరీక్షే చేయలేదు. చెవులు కాలుతుండగా తిరిగి బిగించాను. ఆ తొందరలో తిత్తి ఎడమ మడతబందును కుడివైపు, కుడిదాన్ని ఎడమవైపు పెట్టానని శనివారం తెలిసింది. భజనలో చిన్నమ్మ తిత్తి లాగగానే పెట్టె "కుయ్" అంది. ఈసారి అందరికీ వినిపించింది. పెట్టె తాత తలెత్తాడు. చిన్నమ్మ ఒక్క క్షణం ఆగింది. మళ్లీ లాగింది. మళ్లీ "కుయ్". మూడోసారి ఆ కుయ్ మీదే పాట ఎత్తుకుంది, అదొక దరువన్నట్టు. రెండో చరణానికి పెట్టె తాత తెలియకుండానే తొడ మీద తాళం వేస్తున్నాడు. ఆ గొంతు అంత విశాలమైనదని, వెనక వరుసలో అన్నేళ్లు విన్న నాకే తెలియదు.

"పది నిమిషాల్ల సరిజేస్త చిన్నమ్మా" అన్నాను తర్వాత.

"ముట్టకు. నువ్వు ముడితె ఇంకో చప్పుడు పుడుతది."

ఇప్పటికీ ముట్టనివ్వదు. కోరుట్ల వెళ్లినప్పుడల్లా నన్ను తనకు దూరంగా కూర్చోబెట్టి, చేతికి భజన తాళాలు ఇస్తుంది. ఆ రెంటిలో ఒకటి కొంచెం పగిలినట్టు మోగుతుందని నా అనుమానం. ఎవరికీ చెప్పలేదు.