పెరుగు ముందు ఎక్కాలి

లాల్‌దర్వాజాలో సక్కుబాయి గురించి ఒక మాట చాలాకాలం తిరిగింది. పెరుగమ్మే సక్కుబాయి వైకుంఠం సేటు కారులో కూర్చోగానే కారు నాలుగు వేళ్లు కిందికి కుంగిపోయిందట. ఎంతమంది మెకానిక్‌లు వచ్చి చూసినా మళ్లీ లేవలేదట. చెప్పేవాళ్లను బట్టి నాలుగు వేళ్లు జానెడయ్యేవి. ఒకరిద్దరైతే టైరు పేలిన చప్పుడు కూడా విన్నారు.

సక్కుబాయికి ఈ మాట మీద కోపం ఉండేది కాదు. ఎవరైనా మొహం మీదే అడిగితే, "జానెడని చెప్పు బిడ్డా. మూరెడంటే ఎవ్వరు నమ్మరు" అని పెరుగు కొలిచి పోసి ముందుకు కదిలేది.

నిండైన మనిషి. ఇరుకు గుమ్మాల్లో కాస్త పక్కకు తిరిగి నడిచేది. ఇంటి వెనక రెండు బర్రెలుండేవి. భర్త శివయ్య కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో చాయ్ కాచేవాడు. అతను పుల్లలా ఉండేవాడు. ఇద్దరూ పక్కపక్కన నడిచి వస్తుంటే కుండా గరిటే వస్తున్నట్టుండేది. రిక్షావాళ్లు ఆమెను దూరంగా చూడగానే కిందికి వంగి, బాగున్న చైనునే సరిచేసుకుంటూ కూర్చునేవాళ్లు. అందుకని ఎంత దూరమైనా తలమీద పెరుగు కుండతో నడిచే వెళ్లేది.

పొద్దుటి తిరుగుడంతా అయ్యాక ఆమె ఆఖరున ఆగే గడప నాగమణమ్మది. నాగమణమ్మ వైకుంఠం తల్లి. తరతరాలుగా గింజల వ్యాపారం చేస్తున్న ఇల్లు వాళ్లది. పెనిమిటి పోయినా ఇంటి తాళాలు ఆమె నడుముకే వేలాడేవి. ఆమె ముందు కొడుకు కూడా నిలబడే మాట్లాడేవాడు. సక్కుబాయి ఒక్కతే వెనకగది దాకా వెళ్లి, గోడకు వీపు ఆనించి, కాళ్లు చాపుకుని కూర్చునేది.

ఒక ఏడు వైకుంఠం పాత అంబాసిడర్ ఒకటి కొన్నాడు. ఇంటిల్లిపాదీ అందులో తిరిగారు. నాగమణమ్మ మాత్రం ఎక్కలేదు. ఒకసారి పెట్రోలు వాసన పడదంది. ఒకసారి మంగళవారమంది. ఇంకోసారి డ్రైవర్ ప్రకాశానికి మెల్లకన్నుందేమోనని అనుమానం వచ్చిందంది. ప్రకాశం ఆ రోజంతా అద్దంలో తన కళ్లు చూసుకుంటూ గడిపాడు.

ఒక మధ్యాహ్నం నాగమణమ్మ గది తలుపు దగ్గరికి వేసి, సక్కుబాయి పక్కన కూర్చుంది.

"సక్కూ, కాలు లేస్తలేదే."

"ఎంత లేస్తలేదు?"

"కారెక్కేటంత లేస్తలేదు."

గోడ పట్టుకుని కాలు ఎత్తి చూపించింది. సక్కుబాయి ఆ ఎత్తును తన పిక్క మీద వేలితో గుర్తు పెట్టుకుని బయటికి పోయింది. కుండ మూత దొర్లిపోయినట్టు కారు పక్కన కాసేపు వెతికింది. కారు తలుపు కింది అంచును ఆమె కారు గడప అనేది. ఆ గడపకు పిక్క ఆనించి చూసుకుని, చీర కుచ్చిళ్లు దులుపుకుంటూ లోపలికి వచ్చింది.

"నాలుగు వేళ్లు తక్కువైతుందమ్మా."

నాలుగు వేళ్లంటే మామూలు రోజుల్లో ఏమీ కాదు. కానీ వచ్చే నెల అఫ్జల్‌గంజ్‌లో వైకుంఠం కొత్త దుకాణం తెరుస్తున్నాడు. అక్కడ దుకాణం పెట్టాలన్నది పోయిన పెద్దాయన కోరిక. అందులో మొదటి దీపం నాగమణమ్మ పెట్టాలి. ఆమె వెళ్లలేకపోతే ఆ దీపం వియ్యపురాలు వాసవాంబ పెడుతుంది. వాసవాంబ వైకుంఠానికి అత్తగారు. సన్నటి మనిషి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కేది. వచ్చినప్పుడల్లా, "వదినెకు వయసు మీద పడ్డది. ఇగ ఆ తాళాలు నా బిడ్డకిస్తే సుకపడ్తది" అనేది.

"పీట ఏస్త, దాని మీద కాలు పెట్టి ఎక్కు" అంది సక్కుబాయి.

"పీటేసుకొని ఎక్కితే వాసవాంబ చార్మినార్ దాక పోయి చెప్పొస్తది."

"పోనీ, ఇద్దరు హమాలీలను పిలిస్తే జర లేపి..."

"నేనేమన్న పసుపు బస్తనా?"

సక్కుబాయి నవ్వేసింది. "నీ కాలు లేవకుంటే ఇగ కారే దిగాలె."

అది నవ్వుకోవడానికి అన్న మాట. నాగమణమ్మ మాత్రం నవ్వలేదు.

కార్లకూ లారీలకూ కింద, ఒకదాని మీద ఒకటి పేర్చిన విల్లులాంటి ఇనుప పట్టీలుంటాయి. వాటినే కమాన్ అంటారు. బండి ఊగడమైనా ఎగరడమైనా వాటి చలవే. అఫ్జల్‌గంజ్‌లో లారీలకు ఈ కమాన్లు కట్టే బుచ్చయ్య సక్కుబాయి ఉండే గల్లీవాడే. పొద్దున్నే ఆమె దగ్గర పెరుగు తీసుకునేవాడు. పని సంగతి వినగానే ఛాతీ విరుచుకున్నాడు.

"లారీలను లేపినోన్ని. కారును దించుడు నాకు లెక్కనా? ఫికర్ జెయ్యకక్కా."

"ఉత్తగ దించుడు కాదు. అమ్మ నడుము కదలొద్దు. గోతిల పడ్డా తెల్వొద్దు."

"పరుపు మీద పోయినట్టు పోతది."

నాగమణమ్మ కొడుకును పిలిచి, గొప్పవాళ్ల కార్లన్నీ నేలకు ఆనుకుని ఉంటున్నాయనీ, మన కారు ఎడ్లబండిలాగా నిక్కి ఉందనీ, దించమనీ చెప్పింది. తల్లిని ఎందుకని అడగడం వైకుంఠానికి అలవాటు లేదు. సరేనన్నాడు.

ఇక నడుము కదులుతుందో లేదో చూడాలంటే నాగమణమ్మే ఎక్కాలి. ఆమె ఎక్కలేకనే కదా ఈ తిప్పలన్నీ. అందుకని ఆమె బదులు సక్కుబాయి ఎక్కాలనీ, ఒడిలో పెరుగు కుండ పెట్టుకోవాలనీ తేల్చుకున్నారు.

"పెరుగెందుకక్కా?" అన్నాడు బుచ్చయ్య.

"నా నడుము నీకు మొఖమాటపడి మంచిగుందంటది. పెరుగుకు మొఖమాటం లేదు."

మొదట బుచ్చయ్య వెనక కమాన్లలోంచి రెండేసి పట్టీలు తీసేశాడు. కారు బుద్ధిగా కిందికి దిగింది. సక్కుబాయి వెనక సీట్లో కుండతో కూర్చుంది. ప్రకాశం బండిని కంచన్‌బాగ్ వైపు తిప్పాడు. మొదటి గోతి దగ్గరే కింద ఇనుమూ ఇనుమూ గుద్దుకుని ధన్‌మన్నది. సక్కుబాయి లేచింది, కుండ ఇంకా పైకి లేచింది. సగం పెరుగు ప్రకాశం నెత్తిన పడి చెవుల వెనక నుంచి మెడలోకి దిగింది.

"అక్కా, మస్తు సల్లగుంది గని, తొవ్వ కనిపిస్తలేదు" అన్నాడు ప్రకాశం.

బుచ్చయ్య విని తల ఊపాడు. "ఎగురుతుందా? ఎగరకుండ కట్టేస్త." తీసిన పట్టీలు మళ్లీ పెట్టి, బండిని కిందికి నొక్కి, ఇనుప బిళ్లలతో కమాన్లను కదలకుండా బిగించేశాడు. ఈసారి కారు ఎగరలేదు, ఊగనూ లేదు. చెక్క మంచానికి చక్రాలు కట్టినట్టు పోయింది. తొవ్వలో ఉన్న ప్రతి గులకరాయి సక్కుబాయి పళ్ల దాకా వచ్చి పలకరించింది. కంచన్‌బాగ్ చేరేసరికి ఆమె బుగ్గలు ఇంకా వణుకుతూనే ఉన్నాయి. పెళ్లాం కారులో వచ్చిందని విని, శివయ్య చాయ్ వడబోసే గుడ్డతోనే బయటికి పరిగెత్తుకొచ్చాడు. కుండ మూత తీసి చూశాడు.

"ఏందే, వెన్న తేలింది?"

నిజమే. పొద్దున తోడుకున్న గడ్డపెరుగు మజ్జిగై, మీద వెన్న తేలుతోంది. శివయ్య వేలితో తీసి నాకి, "రోజూ గిట్లనే రారాదు" అన్నాడు.

సక్కుబాయి ఆ కుండను తెచ్చి బుచ్చయ్య ముందు పెట్టింది.

"వెన్న మంచిగొచ్చింది" అన్నాడు బుచ్చయ్య.

"వెన్న కోసమా నేను పోయింది? ఇది పెరుగురా! అమ్మ నడుము గూడ గిట్ల చిలికి పెడ్తవా?"

బుచ్చయ్య అలిగి బీడీ ముట్టించాడు. సక్కుబాయి అతని పక్కనే నేల మీద కూలబడింది. కారు కిందికి తొంగిచూసింది.

"తీసేస్తే ఎగిరె, కట్టేస్తే వణికె" అంది చివరికి. "వీటిని తియ్యకు, కట్టకు. గా వంపు జర తక్కువ చేస్తే కారు దిగదా?"

"దిగుతది. అన్ని పట్టీలు ఇప్పి, ఒక్కొక్కటి కొట్టాలె. మస్తు పని."

"కొట్టు. ఇంగొకటి, అవి ఒకదానికొకటి రాసుకొని కిర్రుమంటున్నయ్. నేను కుండ మీద కుండ పెడ్తే నడుమ తడిగుడ్డ పెడ్త."

"నేనూ గదే అనుకున్న. గిరీసు పెడ్దామని" అన్నాడు బుచ్చయ్య. అనుకున్నట్టు మాత్రం అతని మొహంలో కనపడలేదు.

పట్టీలన్నీ విప్పాడు. ఒక్కొక్కదాని వంపూ కొద్దికొద్దిగా తగ్గేలా సుత్తెతో సాగగొట్టాడు. నడుమ గిరీసు పూసి, ఒక్క పట్టీ కూడా తగ్గించకుండా మళ్లీ పేర్చాడు. సక్కుబాయి కుండతో కూర్చుంది. కారు అదే తొవ్వలో పోయి వచ్చింది. గోతుల్లో మెల్లగా దిగింది, మెల్లగా లేచింది. మూత తీస్తే మీగడ మీద చిన్న గీత కూడా లేదు. బుచ్చయ్య ఉరికొచ్చి కారు గడప కొలిచాడు. ముందటికన్నా నాలుగు వేళ్లు కిందికి ఉంది!

"నేను జెప్పలే?" అని అరిచాడు.

సక్కుబాయి సంతోషం పట్టలేక తన కళ్లతో చూద్దామని కారు దిగింది. ఆమె దిగింది. కారు లేచింది.

ముగ్గురూ కారు వంక చూశారు. సక్కుబాయి ఎక్కింది, కారు దిగింది. ఆమె దిగింది, కారు లేచింది. ప్రకాశం రుమాలు నోట్లో కుక్కుకున్నాడు.

"రెండు వేళ్లు కమాన్‌వి" అన్నాడు బుచ్చయ్య నెమ్మదిగా. "రెండు వేళ్లు నీవక్కా."

"మిగిలిన రెండు గూడ కొట్టు మరి."

"ఇంకా కొడ్తే కమాన్‌కు ఊగెతందుకు జాగ ఉండదు. మళ్ల ప్రకాశం నెత్తిన పెరుగే."

"వద్దన్నా!" అన్నాడు ప్రకాశం.

సక్కుబాయి ఈ సంగతి మోసుకుని నాగమణమ్మ దగ్గరికి పోయింది. నాగమణమ్మ కళ్లు మూసుకుని అంతా వింది. కాసేపటికి తెరిచింది.

"సక్కూ, మా అత్తగారి ఆచారం ఒకటి యాదికొస్తుందే."

"ఏ ఆచారమమ్మా?"

"ఇంకా పూర్తిగ యాదికి రాలే. ఆ దినానికల్లా వస్తది. నువ్వు మాత్రం పెరుగు కుండ పట్టుకొని రా."

దుకాణం తెరిచే రోజు ఇంటి ముందు వాడకట్టంతా చేరింది. వాసవాంబ పెళపెళలాడే పట్టుచీర కట్టుకుని, చేతిలో నూనె చెంబుతో కారు తలుపు దగ్గరే నిలబడి ఉంది. నాగమణమ్మ మెల్లగా గుమ్మం దాటి వచ్చింది.

"రా వదినె, ఎక్కు" అంది వాసవాంబ. "ఎక్కలేకుంటే ఫికర్ లేదు. ఆ దీపమేదో నేను పెట్టొస్త. నీ కాళ్లకెందుకు కష్టం?"

"ఆగున్రి" అంది నాగమణమ్మ. "ముందు పెరుగెక్కాలె. మా అత్తగారి ఆచారం."

వైకుంఠం తల గోక్కున్నాడు. "ఈ ఆచారం ఎన్నడు వినలేదమ్మా."

"ఎట్ల వింటవు? ఇంతకుముందు కారెన్నడు కొన్నవురా?"

సక్కుబాయి పెరుగు కుండతో ముందుకొచ్చి, కాస్త పక్కకు తిరిగి, కారు ఎక్కి అవతలి అంచుకు జరిగింది. కారు పెద్దగా మూలిగి కిందికి దిగింది.

"అయ్యో అయ్యో, కారు కుంగిపాయె!" అని కేక పెట్టింది వాసవాంబ. "అల్లుడా, నీ కారు ఇగ లేస్తదా?"

అందరూ అవతలి కిటికీ దగ్గరికి మూగి సక్కుబాయి వైపు చూశారు. ఆమెకు ఒక్క క్షణం మొహం వేడెక్కింది. అంతలో ఇవతలి వైపు తలుపు అంచు పట్టుకుని, పెదవి బిగించి కాలెత్తుతున్న నాగమణమ్మ కనపడింది. సక్కుబాయి కావాలనే ఇంకోసారి లేచి కూర్చుంది. కారు మళ్లీ మూలిగింది.

"కుంగుతది మరి! నేనేమన్న ములక్కాయనా? రెండు బర్రెల పెరుగు తిని పెంచిన ఒళ్లిది. నువ్వు గూడ రా సేటమ్మా, నీకూ ఒక కుండ పెరుగు పోస్త. నిన్ను జూస్తే గాలికి ఎగిరిపోతవేమోనని భయమైతుంది!"

వాడకట్టంతా పగలబడి నవ్వింది. వైకుంఠం కూడా నవ్వాడు. నవ్వులు ఆగి ఇటు తిరిగి చూసేసరికి నాగమణమ్మ సీట్లో కూర్చుని కొంగు సర్దుకుంటోంది. వెనక మూడో మనిషికి చోటు లేకపోయింది. వాసవాంబ నూనె చెంబు పట్టుకుని ప్రకాశం పక్కన ముందు సీట్లో కూర్చుంది.

అఫ్జల్‌గంజ్‌లో నాగమణమ్మ ముందు దిగింది. సక్కుబాయి కదల్లేదు.

"దిగు సక్కుబాయీ, ముహూర్తం దాటిపోతుంది" అన్నాడు వైకుంఠం.

"జర గాలి పీల్చుకోనియ్యి సేటు."

నాగమణమ్మ రెండో కాలు కూడా నేలకు ఆనాకే ఆమె దిగింది. దీపం నాగమణమ్మ చేత్తోనే వెలిగింది. కుండలో పెరుగు చెదరలేదు.

సాయంత్రానికల్లా వాసవాంబ నోటి నుంచి కారు కుంగిన కథ లాల్‌దర్వాజా అంతా పాకింది. దాంతోపాటు ఆచారం కూడా పాకింది. తర్వాత ఆ వైపు ఎవరు కారు కొన్నా ముందు పెరుగు కుండ ఎక్కించేవాళ్లు. సక్కుబాయి మూడో బర్రెను కొన్నది. బుచ్చయ్య దుకాణానికి కొందరు కుర్రవాళ్లు వచ్చి, తమ కార్లను కూడా వైకుంఠం సేటు కారులాగా దించమని అడిగేవాళ్లు. "రెండు వేళ్లు దించుత. మిగిలిన రెండు వేళ్లకు మనిషిని మీరే తెచ్చుకోవాలె" అనేవాడతను. వాళ్లకు అర్థమయ్యేది కాదు.

నాగమణమ్మ ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ కారులో తిరిగింది. ఆమె పోయేదాకా తాళాలు ఆమె నడుముకే ఉన్నాయి. ఎక్కడికి వెళ్లినా సక్కుబాయీ పెరుగు కుండా వెంట ఉండేవి. కారు ఎంత కుంగిందన్న దాని మీద వాడకట్టులో వేళ్లూ జానలూ లెక్కపెట్టని వాళ్లు లేరు. ఆ కారులో సక్కుబాయి ఎప్పుడూ నాగమణమ్మ కన్నా ముందు ఎక్కేది, నాగమణమ్మ దిగాకే దిగేది.