యాభై దగ్గర మోగిన జీపు

“నువ్వు ఆ జీపు చప్పుడు వెంట పడకపోయి ఉంటే మా అక్క ఈపాటికి ఇంట్లో కూర్చుని ఉండేది.”

మా మేనత్తని సమాధి చేసి వచ్చిన సాయంత్రం నాన్న నాతో అన్న మాట ఇది. అమ్మ దానికి ఇంకొంచెం కలిపింది. “ఉద్యోగం మానేసి వచ్చి, తోచక, పెద్దావిడని ఎగదోసింది” అని. కుర్చీల్లో కూర్చున్న చుట్టాలు తలలూపారు. మా ఇంట్లో నా గురించి ఒక అభిప్రాయం పడిందంటే అది రేషన్ కార్డులో తప్పుపడిన పేరులాంటిది. మార్పించుకోవాలంటే కాళ్లు అరిగిపోవాలి.

జరిగింది చెబుతాను. మా అత్త పశువుల డాక్టరు. రిటైరయ్యాక కూడా పామర్రు చుట్టుపక్కల రైతులు ఫోన్ చేస్తే వెళ్లేది. ఆ రోజు ఒక ఊళ్లో గేదె ఈనలేక అవస్థ పడుతోందంటే వానలోనే బయల్దేరింది. దూడని బయటికి తీసింది. జీపు తనే నడుపుకుంటూ విజయవాడ భవానీపురంలో మా ఇంటికి వచ్చి, వరండాలో గమ్‌బూట్లు విప్పుకుంటూ పక్కకి ఒరిగిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు. జీపు కుదుపులకి చిట్లిందని మావాళ్లు అంటున్నారు. డాక్టరు ఆ మాట అనలేదు.

ఆ జీపు ఆమె ఉద్యోగంలో ఉండగా తిరిగినదే. డిపార్ట్‌మెంటు వేలం వేస్తే పట్టుబట్టి కొనుక్కుంది. పెళ్లి చేసుకోలేదు, నగలు చేయించుకోలేదు, ఈ ఒక్కటి కొనుక్కుంది. డెల్టాలో వానాకాలం కాలవగట్ల మీద నల్లమట్టి ఎలా ఉంటుందో చూసినవాళ్లకి ఎందుకో చెప్పక్కర్లేదు. మామూలు కార్లు అందులో దిగితే ట్రాక్టరు రావాలి. అత్త మాత్రం పక్కనున్న పొట్టి లివరు వెనక్కి లాగేది. నాలుగు చక్రాలూ పట్టు అందుకునేవి. “ఇక పదవే” అనేది, నాతోనో జీపుతోనో తెలిసేది కాదు.

చప్పుడు మొదలైంది పోయిన జనవరిలో. పామర్రు నుంచి తిరిగి వస్తున్నాం. ఉయ్యూరు దాటాక అత్త ఉన్నట్టుండి ఎడమకాలి చెప్పు విప్పేసింది.

“వినబడుతోందా?”

“ఏదత్తా? అన్నీ వినబడుతున్నాయి.”

“అన్నీ కాదు. కాళ్లు కింద ఆనించి విను.”

నేనూ చెప్పులు విప్పాను. అప్పుడు తెలిసింది. ఎక్కడో అడుగున ఒక గుర్రు. పెరుగుతూ, తగ్గుతూ, మళ్లీ పెరుగుతూ. స్పీడు కాస్త తగ్గించగానే మాయమైంది. రోడ్డు పక్కనే బందరు కాలవ నిండుగా పారుతోంది. ఆ గుర్రు నా మోకాళ్ల దాకా పాకుతుంటే కాలవ వైపు చూడకుండా ఉండలేకపోయాను.

ఇంట్లో చెబితే నాన్న నవ్వాడు. “అక్కా, అది ముప్పయ్యేళ్ల జీపు. మోగకపోతే భయపడాలి.”

“ఇన్నేళ్లూ మోగిన మోతలన్నీ నాకు తెలుసురా. ఇది కొత్తది.”

కష్టమేమిటంటే ఆ చప్పుడు యాభై స్పీడు దగ్గరే వచ్చేది. మావాళ్లు ఆ జీపు ఎక్కేది ఆదివారం చర్చికి. విజయవాడ ట్రాఫిక్‌లో యాభై ఎక్కడిది? నాన్న ఒకసారి పనిగట్టుకుని హైవే దాకా వచ్చాడు కానీ దారంతా మాట్లాడుతూనే ఉన్నాడు. తిరిగొచ్చి, “నాకేం వినబడలేదు” అన్నాడు. ఆ తర్వాత అత్తని చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. కుడి చెవిలో వినికిడి కొంచెం తగ్గింది, ఈ వయసులో మామూలే అన్నాడాయన. నాన్న ఇంటికొచ్చి చుట్టాలందరికీ ఫోన్లు. “అక్కకి చెవుల్లో ఏదో మోగుతోందిట. జీపు అనుకుంటోంది పాపం.”

“వినబడుతోందిరా నువ్వు అనేది” అంది అత్త వంటింట్లోంచి.

అందరం నవ్వాం. కానీ నాన్న ఆ రాత్రి భోజనాల దగ్గర తేల్చేశాడు. తొలకరి పడేలోపు ఆ చప్పుడేమిటో తెలియాలి. తెలియకపోతే జీపు అమ్మెయ్యాలి, అక్క ఊళ్లు తిరగడం ఆపాలి. నిజంగా చప్పుడుంటే బండి ప్రమాదం, లేకపోతే నడిపే మనిషి ప్రమాదం అన్నాడు. అత్త కంచంలో అన్నం కలుపుతూనే ఉంది, ముద్ద ఎత్తలేదు. ఆమె మాట నమ్మకుండా ఎవరైనా ఉండటం నేను అంతవరకూ చూడలేదు. గేదె పొట్ట మీద చెయ్యి వేసి చెబితే ఊళ్లకి ఊళ్లు నమ్మిన మనిషి.

అప్పట్నుంచి నాకు పట్టుకుంది కంగారు. ఫోన్‌లో రికార్డు చేశాను. వింటే గాలి హోరు తప్ప ఏమీ లేదు. యూట్యూబ్‌లో వెతికితే ఎక్కడో ఎవరి జీపో నడుస్తుండగా కింద కడ్డీ ఊడి, రోడ్డులో గుచ్చుకుని, బండి పల్టీ కొట్టిందని చెబుతున్నారు. అది చూశాక అత్త ఒంటరిగా వెళ్లిన ప్రతిసారీ గేటు దగ్గరే తచ్చాడేదాన్ని. ఇంకో భయం కూడా ఉండేది. అత్త మీద ఇష్టం కొద్దీ నేనూ ఊహించుకుంటున్నానా?

ఆ మాట ఆమెతోనే అన్నాను. కోప్పడలేదు. “మంచి అనుమానం. కళ్లు మూసుకుని కూర్చో. వచ్చినప్పుడు వేలెత్తు, పోయినప్పుడు దించు. స్పీడు ముల్లు నేను చూస్తాను” అంది. అలాగే చేశాం, వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ. కళ్లు తెరిచేసరికి అత్త మొహంలో ఎంత హాయో.

“యాభై దగ్గర ఎత్తావు. అరవై దగ్గర దించావు. ప్రతిసారీ.”

“మరైతే మనకి పిచ్చి లేదు.”

“ఉంటే ఇద్దరికీ ఒకటే పిచ్చి.”

ఆటోనగర్‌లో ఆమెకి పాత మెకానిక్ ఒకాయన ఉన్నాడు. అత్త ఆయన్ని ‘భాయ్’ అనేది, ఆయన ‘మేడం’ అనేవాడు. చక్రాల బేరింగులు మార్చాడు, చప్పుడు పోలేదు. గేర్‌బాక్సు ఆయిలు మార్చాడు, పోలేదు. అత్త బ్యాగులోంచి స్టెతస్కోపు తీసి గేర్‌బాక్సు మీద ఆనించి విన్నది. పక్క షెడ్లవాళ్లు పని ఆపి మరీ చూశారు.

“మేడం, జ్వరం ఎంతుంది?” అన్నాడు ఎవరో.

“నీకంటే తక్కువే” అంది, చెవుల్లోంచి తియ్యకుండా.

మెకానిక్ ఆఖరికి చేతులు తుడుచుకున్నాడు. “మార్చాల్సినవన్నీ మార్చాను మేడం. మిగిలింది డ్రైవరే.”

“అది మా తమ్ముడి డిపార్ట్‌మెంట్ భాయ్.”

ఆమె పద్ధతి ఒకటుంది. పశువు దగ్గరా అంతే, బండి దగ్గరా అంతే. “ఏది మోగుతోందని అడక్కు, ఎప్పుడు మోగుతోందో అడుగు” అనేది. “ఒకేసారి రెండు మందులు వెయ్యకు, ఏది పనిచేసిందో నీకే తెలియదు” అనేది. నేను అన్నీ ఒక్కసారే మార్చేయించాలని తొందరపడేదాన్ని. నాకు అన్నిటికీ తొందరే. ఆమె మాత్రం ఒక పని చేయించి, బండి నడిపి, విని, తర్వాతే ఇంకో పని చేయించేది. మే నెల అయిపోవచ్చింది. మబ్బు పట్టినప్పుడల్లా నాన్న పెట్టిన గడువు గుర్తొచ్చేది.

ఒక పొద్దున అత్త అంది, “చప్పుడు ఇంజనుతో మారట్లేదు, స్పీడుతో మారుతోంది. చక్రాలతో పాటు తిరిగేవాటిలోనే ఉంది. ముందు షాఫ్ట్ విప్పి చూద్దాం.” గేర్‌బాక్సు నుంచి ముందు చక్రాల వైపు వెళ్లే పొడుగాటి గొట్టం అది. మా జీపులో ముందు చక్రాలని దాన్నుంచి విడదీసే ఏర్పాటు లేదు కాబట్టి ఫోర్ వీల్ వెయ్యకపోయినా అది ఊరికే తిరుగుతూనే ఉంటుంది. అది తీసేసినా వెనక చక్రాలతో బండి నడుస్తుంది.

ఆ రోజే నాన్న కూడా ఆటోనగర్ వచ్చాడు. జీపుకి బేరం ఏమైనా ఉందేమో మెకానిక్‌ని అడగడానికి. వచ్చినవాణ్ణి వచ్చినట్టే అత్త వెనక సీట్లో కూర్చోబెట్టింది. షాఫ్ట్‌ని షెడ్డులో వదిలేసి కొండపల్లి వైపు వెళ్లాం. ముందు థర్మల్ స్టేషన్ బూడిద లారీలు. అవి దాటేదాకా స్పీడు అందలేదు. నలభై. యాభై. చెప్పులు విప్పి కూర్చున్నాను. యాభై అయిదు. కింద ఏమీ లేదు. అరవై. ఏమీ లేదు. ఇంజను మోత, రేకుల గలగల, గాలి, అన్నీ ఉన్నాయి. ఆ గుర్రు లేదు.

అత్త బండి పక్కకి ఆపి, స్టీరింగుని అరచేత్తో రెండుసార్లు తట్టింది. “ఏమైందక్కా?” అన్నాడు నాన్న వెనకనుంచి. “ఏమీ కాలేదురా. అదే” అంది.

తిరిగొచ్చాక మెకానిక్ ఆ షాఫ్ట్‌ని బల్ల మీద పెట్టి అటూ ఇటూ తిప్పాడు. లూజు లేదు, వంకర లేదు. అత్త గుడ్డకి కిరసనాయిలు అద్ది మట్టి తుడవడం మొదలెట్టింది. మట్టి కింద వెండిరంగు బయటపడింది. మందంగా, పెళ్లిపందిరి స్తంభానికి వేసినట్టు.

“ఈ రంగెవరు వేయించారు మేడం?”

“నేను వేయించలేదు.”

మెకానిక్ ఆకురాయితో ఆ రంగు గీకాడు. ఆ షాఫ్ట్ రెండు ముక్కలు, ఒకదాంట్లోకి ఒకటి పళ్లతో దూరుతుంది. రెండింటి మీదా చెక్కిన బాణం గుర్తులు ఎదురెదురుగా ఉండాలి. రంగు పోయాక కనబడ్డాయి. ఒక పన్ను పక్కకి జరిగి ఉన్నాయి. ఎవరో విప్పి, రంగేసి, గుర్తులు కనబడక అందాజుగా దూర్చేశారు. ఆ ఒక్క పన్ను తేడాకే యాభై దగ్గర వణుకు.

నాన్న షెడ్డు బయటికి చూస్తున్నాడు.

మా డెల్టాలో డిసెంబరు వచ్చిందంటే క్రిస్మస్ పాటలు పాడుతూ ఇంటింటికీ తిరిగే కేరల్స్ బండిని ముస్తాబు చేస్తారు. ముందు నక్షత్రం, చుట్టూ సీరియల్ బల్బులు. చప్పుడు మొదలవడానికి ముందు నెల మా చర్చి పిల్లల్ని ఊళ్లు తిప్పింది అత్త జీపే. అత్త కాన్ఫరెన్సుకి వెళ్లినప్పుడు, వచ్చేసరికి ఆశ్చర్యపరుద్దామని నాన్న దాన్ని ఎక్కడో షెడ్డులో పెట్టి కింద నల్లరంగు, షాఫ్టులకి వెండిరంగు వేయించాడు. ఆ తర్వాత అత్త కింద వంగి చూడలేదు, ఆయన చెప్పడమూ మరిచిపోయాడు.

“క్రిస్మస్‌కి బాగుంటుందని…” అన్నాడు.

“కింద వేయిస్తే ఎవరు చూస్తారురా, పాములా?”

మెకానిక్ ముందు నవ్వాడు. తర్వాత అత్త, నేను. చివరికి నాన్న కూడా. మెకానిక్ గుర్తులు కలిపి బిగించాక యాభై దగ్గర చప్పుడు లేదు; దారిలో నాన్న టీ తాగించాడు. చెవుల సంగతి మళ్లీ ఎత్తలేదు. అత్తా ఎత్తలేదు. అది ఆమె పెద్దరికం. నేనైతే ఏడాదంతా దెప్పేదాన్ని.

ఆ తొలకరి నుంచి ఆమె చివరి రోజు దాకా వానలన్నిటిలోనూ తిరిగింది. ఎన్నోసార్లు నేనూ వెళ్లాను. మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటూ రైతుని ఏదో అడుగుతూ ఉండేది. ఈనిన ఇంటివాళ్లు జున్నుపాలు ఇస్తే, “ముందు దూడ తాగనీ, మిగిలితే మా అమ్మాయికియ్యి” అనేది. ఆ ‘మా అమ్మాయి’ నేను.

ఆ చప్పుడు దొరక్కపోయి ఉంటే అత్త బతికేదా? తెలియదు. ఈ ప్రశ్న పొద్దున్నే లేచేసరికి మంచం పక్కనే కూర్చుని ఉంటోంది. ఇంట్లో కూర్చోబెడితే ఇంకొంతకాలం ఉండేదేమో. భోజనాల దగ్గర ముద్ద ఎత్తని ఆ మనిషిలా ఉండేది. నాన్నకి ఇది చెప్పాలని చూశాను. ఆయన ఏడుస్తున్నాడు.

పోయినవారం పామర్రు నుంచి ఇద్దరు పలకరించడానికి వచ్చారు. ఆ గేదె రైతు, ఆయనతో అక్కడికి కొత్తగా వచ్చిన పశువుల డాక్టరమ్మాయి. దూడ గంతులేస్తోందని రైతు చెప్పాడు. ఆ అమ్మాయి నాకంటే చిన్నది. స్కూటీ మీద గట్లు దాటలేక సగం ఊళ్లకి వెళ్లలేకపోతున్నానంది. “మేడం ఉంటే ధైర్యంగా ఉండేదక్కా” అంది. మర్నాడే ఆమెని జీపులో తీసుకెళ్లాను. గట్టు మీద చక్రాలు జారాయి. లివరు లాగాను. పట్టు అందింది.

తిరిగొచ్చేసరికి గేటు దగ్గర నాన్నతో ఒకాయన నిలబడి ఉన్నాడు, జీపు బేరానికి. నేను దిగుతుండగానే చుట్టూ తిరిగి టైర్లు నొక్కి చూశాడు. బండి కింద నుంచి నల్లమట్టి ముద్దలు ముద్దలుగా సిమెంటు మీద రాలుతోంది.

“జీపు అమ్మడం లేదండీ” అన్నాను. “రేపు పొద్దున పామర్రు వెళ్లాలి.”