కారవలసిన నీళ్లు

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ పిల్లల హాస్టల్ ఒకటి ఉంది. దాని వంటింటి బాయిలర్ మొరాయిస్తే పిలిచేది నన్నే. ఎల్బీనగర్‌లో నేను బిగించిన బాయిలర్ మూత ఎగిరి బడంగ్‌పేట్‌లో పడిందనీ, అక్కడివాళ్లు ఇప్పటికీ దాని మీద రొట్టెలు కాల్చుకుంటున్నారనీ చెప్పేవాణ్ణి. వంటావిడది గోదావరి వైపు. నమ్మకపోయినా నవ్వి, పెరుగన్నం పెట్టేది.

ఒక పొద్దున ఆవిడ ఫోన్ చేసింది. గొంతులో నవ్వు లేదు. అన్నం పలుకుగానే దిగుతోందట, పిల్లలు కంచాలు వదిలేస్తున్నారట. ఇవాళ కూడా ఇంతే అయితే వంటకు వేరే మనిషిని చూసుకుంటానని యజమాని తేల్చి చెప్పాడట.

వెళ్లి చూశాను. బాయిలర్ కులాసాగానే ఉంది. అన్నం వండే గుండిగకే వేడి అందడం లేదు. దానికి రెండు గోడలు. బాయిలర్ నుంచి వచ్చే ఆవిరి ఆ గోడల మధ్యకు వెళ్లి, తన వేడినంతా బియ్యానికి ఇచ్చేసి నీరవుతుంది. ఆ నీళ్లను బయటికి పంపి, ఆవిరిని మాత్రం ఆపేది అడుగున ఉండే స్టీమ్ ట్రాప్. ఎప్పుడూ కారుతుండే దాని గొట్టం ఆ రోజు పొడిగా ఉంది. చివరి వాల్వు ఎవరో బిగించేశారు.

"నేనే కట్టేసిన సారూ," అన్నాడు నల్లగొండ నుంచి వచ్చిన వాచ్‌మన్. "ట్యాప్ మీద జర కన్నేసి ఉంచమని మీరే అంటిరి గదా. ఒక్కతీరు కారుతుండె."

పోయినసారి వచ్చినప్పుడు నేనన్నది ట్రాప్. ట్యాంకర్ నీళ్లు పోయించుకునే చోట ఆ మాట ట్యాప్‌గా వినపడటంలో వింతేముంది?

"అది కారితేనే అన్నం ఉడుకుతది, కాకా."

"నీళ్లు పోతె అన్నం ఎట్ల ఉడుకుతది?"

ట్రాప్ లోపల ఒక ముసలి కాపలాదారు ఉన్నాడని చెప్పాను. ఆవిరిని గడప దాటనివ్వడు, నీరైపోయినవాళ్లను మాత్రం సాగనంపుతాడు. నా అబద్ధాలన్నిటిలో నిజానికి దగ్గరగా వచ్చింది ఇదొక్కటే. ఉన్నది ఒక బోలు గుండు. నీళ్లు చేరితే తేలి దారి తెరుస్తుంది, అవి పోగానే దిగి మూసేస్తుంది.

వాల్వు తిప్పాను. నిలిచిపోయిన నీళ్లు బుసకొట్టుకుంటూ బయటపడ్డాయి. ఇవ్వగలిగినదంతా ఇచ్చేసిన నీళ్లవి. అవి తప్పుకుంటేనే వెనక వచ్చే ఆవిరికి చోటు. ఆ సంగతి నా వయసువాడు వంటింట్లో నిలబడి ఆలోచిస్తే కాస్త గుచ్చుకుంటుంది.

ఆవిడ మెతుకు పట్టి నొక్కి చూసింది. మధ్యాహ్నం తిని చూడటానికి వచ్చిన యజమాని రెండోసారి వడ్డించుకుని, వేరే మనిషి మాట ఎత్తకుండా వెళ్లిపోయాడు.

"మీ ముసలాయనకీ ఓ కంచం పెట్టమంటావా, తమ్ముడూ?" అంది ఆవిడ. నవ్వు తిరిగొచ్చింది.

ఆ గొట్టం కింద ఇప్పుడొక బకెట్ ఉంది. గిన్నెలు తోమడానికి ఆ వేడినీళ్లే. వాచ్‌మన్ అప్పుడప్పుడు నాకు ఫోన్ చేసి కబురు చెబుతాడు: "కారుతుంది సారూ. మంచిగ కారుతుంది."