గరాజు గోడ మీద మా ఇద్దరి పేర్లు

1980 నవంబరు 4, మంగళవారం. సాయంత్రం ఏడు కావడానికి పది నిమిషాలుంది. ఫ్రీమాంట్‌లో మా ఇంటికి రెండు వీధుల అవతల, ఒకరి గరాజులో పోలింగు. నేనూ మావారూ ఆఫీసుల నుంచి నేరుగా అక్కడికే వెళ్తున్నాం. ఇద్దరికీ ఈ దేశంలో అదే మొదటి ఓటు. దానికోసమే ఆ ఏప్రిల్‌లో నేను భారత పౌరసత్వం వదులుకున్నాను. వదులుకున్న రోజు అన్నం తినలేదు.

మేము ఓటు వేయబోతున్న అభ్యర్థి ఓటమి ఒప్పుకున్నాడని కారు రేడియోలో చెప్పారు. మావారు కారు ఇంటివైపు తిప్పేశారు.

“ఎనిమిదింటిదాకా టైముందండీ!”

“ఓడిపోయినవాడే ఒప్పుకున్నాక నీకెందుకే, లెక్కల మేడమ్? ఇంటికెళ్ళి వంకాయ కూర చేసుకుందాం.”

“కారాపండి. నేను నడిచెళ్తా.”

గరాజులో నా ముందు ముగ్గురుంటే, ఇద్దరు వార్త విని వెళ్ళిపోయారు. ఏడూ పన్నెండుకి ఓటు వేశాను. గోడకు అంటించిన జాబితాలో, ఓటేసినవారి పేర్ల మీద గంటకోసారి గీత కొడతారు. నా పేరు మీద కొట్టేదాకా కదల్లేదు. దాని కింద మావారి పేరు అలాగే ఉంది.

అసలు కోపం డిసెంబరులో వచ్చింది. మా ఓట్లతో అధ్యక్షుడు నేరుగా గెలవడు. రాష్ట్రం తరఫున ఓటేసే నలభై అయిదుగురిని ఎన్నుకుంటాం. ఒక్క ఓటు ఎక్కువొచ్చినా ఆ పార్టీకే మొత్తం నలభై అయిదుగురూ. గుంటూరులో పాఠాలు చెప్పే రోజుల్లో, మన రాష్ట్రపతి ఎన్నికలో ఆంధ్ర ఎమ్మెల్యే ఓటు విలువ నూట నలభై ఎనిమిదని పిల్లలతో లెక్క కట్టించేదాన్ని. అక్కడా జనం నేరుగా ఓటేయరు. కానీ ప్రతిపక్షం ఎమ్మెల్యే ఓటూ లెక్కకొస్తుంది.

డిసెంబరు 15న మా రాష్ట్ర రాజధాని శాక్రమెంటోలో నలభై అయిదుగురూ గెలిచినవాడికే వేశారు. మావారు పేపరు మడిచి అన్నారు: “నువ్వు వేసినా సున్నా, నేను వేయకపోయినా సున్నా.”

తప్పు పట్టడానికి ఆ లెక్కలో ఏమీ లేదు. అందుకే ఒళ్ళు మండింది.

1984లో నలభై ఏడుగురు, మళ్ళీ అంతే. 1988 నవంబరు 8న చెప్పులు వేసుకుంటుంటే సోఫాలోంచి అడిగారు, “ఈసారి ఎంతమందే?”

“నలభై ఏడు. మీరూ రండి.”

“వెళ్ళిరా.”

మూడుసార్లకీ కలిపి నూట ముప్పై తొమ్మిది మంది. నేను కోరినవాడికి వేసినవారు ఒక్కరూ లేరు. ఆ సాయంత్రం కూడా గరాజు గోడ దగ్గర నా పేరు మీద గీత పడేదాకా నిలబడ్డాను. కింద పేరు మీద లేదు.