మూడో గ్యాస్కెట్

మా ఆయనకు కోపం రాదు. పెళ్ళయిన ఈ ఇరవై రెండేళ్ళలో ఆ లోటు నేనే పూడుస్తూ వచ్చాను. అందుకే ఈ కథ నేను చెప్పాలి. ఆయన చెబితే "బండి చెడింది, బాగుచేశాను" అని రెండు ముక్కల్లో ముగించి, చేతులు కడుక్కోవడానికి లేచిపోతారు.

ఆయన పేరు చంద్రశేఖర. తాతముత్తాతలు కర్ణాటకలోని నంది ఊరి చుట్టుపక్కల గుళ్ళలో అర్చకులు. మంత్రాలు రాక కాదు, అన్నీ వచ్చు. పన్నెండో ఏట గుడి ముందు ఓ టూరిస్టు బస్సు ఆగిపోతే, పంచె గోచీ పెట్టి దాని కింద దూరారట. లోపల్నుంచి నైవేద్యానికి పిలిచినా బయటికి రాలేదట. ఆ పిచ్చి అంతటితో పోలేదు. ఐటీఐ చదివి, బెంగళూరులో తొమ్మిదేళ్ళు డీజిల్ ఇంజన్లు విప్పి, చింతామణిలో రేకుల షెడ్డు వేసుకున్నారు. నేను అక్కడే ఓ ప్రైవేటు బడిలో కన్నడ పాఠాలు చెప్తాను. ఊళ్ళో ఆయన్ని 'పూజారి మెకానిక్' అంటారు. స్నానం, సంధ్య అయ్యాకే స్పానరు ముడతారు. విప్పిన ప్రతి బోల్టునూ తెల్లగుడ్డ మీద వరసలో పేరుస్తారు. చూసినవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ! ఆయన షెడ్డులో ఇంతవరకు ఒక్క వాషరు పోలేదు.

నవ్వని మనిషి ఒకరున్నారు, మా బావగారు, ఈయనకు అన్న. నందిలో పెద్దల నుంచి వచ్చిన గుడిని చూసుకుంటూ ఉంటారు. "మన వంశంలో చేతికి విబూది అంటింది గానీ మసి అంటిందా?" అని ప్రతి పండక్కీ అడుగుతారు. మా ఆయన తల వంచుకుని పాయసం తాగుతారు. నాకు మాత్రం ఆ పాయసం గొంతు దిగదు.

ఇక బండి సంగతి. గుడిబండ తాలూకా సోమేనహళ్ళి రామప్పది ఏడు సీట్ల డీజిల్ బండి. ఇంటి పెళ్ళిళ్ళకూ అదే, చింతామణి మార్కెట్టుకు టమాటా పెట్టెలు తేవడానికీ అదే. సంక్రాంతి దాటిన కొత్తలో దాన్ని తాడు కట్టి ఈడ్చుకొచ్చారు. వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటి, బానెట్టు కింద నుంచి ఆవిరి కమ్మిందట. మా ఆయన రేడియేటరు మూత తీసి, చల్లారిన ఇంజను స్టార్టు చేయించారు. నీళ్ళలో బుడబుడమని బుడగలు లేచాయి. ఆయిలు కొలిచే పుల్ల బయటికి లాగితే పాలు కలిపిన కాఫీ రంగు.

"హెడ్ గ్యాస్కెట్ పోయిందప్పా" అన్నారు.

ఇంజను కింది భాగం బ్లాకు, పై భాగం హెడ్డు. ఆ రెంటి మధ్య పరిచే పల్చటి రేకే గ్యాస్కెట్. దానికి ఓ పక్క మంట, ఓ పక్క నీళ్ళు, ఓ పక్క ఆయిలు. అది చిరిగితే మూడూ కలిసిపోతాయి. ఈమాత్రం నాకూ ఇన్నేళ్ళ కాపురంలో అబ్బింది. విప్పి చూస్తే నాలుగో సిలిండరు దగ్గర రేకు కాలి ఉంది. పై భాగాన్ని లేతుకు పంపి చదును చేయించి, కొత్త గ్యాస్కెట్ వేసి మూశారు. రేడియేటరులో పోయడానికి, ఇంజనును చల్లగా ఉంచే కూలెంటు డబ్బాలు రెండు తీసి పక్కన పెట్టుకున్నారు.

అప్పుడు రామప్ప బండి పక్కకు ఓ ఇరవై లీటర్ల క్యాను మోసుకొచ్చాడు.

ఇక్కడ మా నేల గురించి ఓ మాట. మా పక్కల బోరు వేయడమంటే జూదం. రామప్పకు నాలుగు బోర్లు ఎండిపోయాయి. ఐదోదానికి పదమూడు వందల అడుగుల దగ్గర నీళ్ళు తగిలాయి. ఆ రోజు ఊరంతా ఆ నీళ్ళు నెత్తిన చల్లుకుంది. అప్పట్నుంచి ఇంటికొచ్చిన వాళ్ళకు కాఫీకన్నా ముందు ఆ నీళ్ళే ఇస్తాడు. అవి వద్దంటే అతని ఇంట్లో అన్నం వద్దన్నట్టే.

"పాతాళం నుంచి వచ్చిన గంగ, స్వామీ. ఆ డబ్బాలో పచ్చరంగు నీళ్ళు నా బండికి ఏంటికి? ఎప్పుడూ పోసేది ఇవే. ఇవే పొయ్యి" అన్నాడు.

మా ఆయన ఒక్క క్షణం తటపటాయించి, కూలెంటు డబ్బాలు మళ్ళీ అలమరలో పెట్టేశారు. మర్యాద తెలిసిన మనిషి అని నేనూ మురిసిపోయాను. ఇద్దరి తెలివీ ఒక్కటే.

ఇరవై మూడు రోజులకు గ్యాస్కెట్ మళ్ళీ పోయింది, అదే నాలుగో సిలిండరు దగ్గర. మళ్ళీ విప్పారు, మళ్ళీ మార్చారు, మళ్ళీ క్యాను వచ్చింది. నెల తిరక్కుండా బాగేపల్లి దారిలో, బండి నిండా పెళ్ళివాళ్ళుండగా, మూడోసారి ఆవిరి కక్కింది. ముహూర్తానికి వాళ్ళు టెంపో ఎక్కి వెళ్ళాల్సి వచ్చిందట. మర్నాడు రామప్ప టమాటా మార్కెట్టు నడిమధ్యన నిలబడి అరిచాడు.

"పూజారి చేతికి స్పానరు ఇస్తే ఇంజనుకు తద్దినమే పెడతాడు! ఎవరూ ఆ షెడ్డుకు పోవద్దండప్పా!"

చిక్కబళ్ళాపురంలో కంప్యూటరు పెట్టి బండ్లు చూసే నందీశ్ అనే కుర్రాడు, "బ్లాకే పగిలిండాది, ఇంజనే మార్చల్ల" అని తేల్చేశాడు. ఆ మాట కూడా మార్కెట్టులో తిరిగింది. పది రోజుల్లో మా షెడ్డు ముందు బండ్లు పల్చబడ్డాయి. ఆంజనేయప్ప పదిహేనేళ్ళుగా మాకు తప్ప ఎవరికీ ట్రాక్టరు రిపేరుకు ఇచ్చినవాడు కాదు. అతను కూడా మా వాకిట్లో ఆపిన ట్రాక్టరును దిగకుండానే తిప్పుకుని వెళ్ళాడు. నేను కిటికీలో నుంచి చూశాను. మా ఆయన చూడనట్టు నటించారు.

ఆ వారమే బావగారి ఫోను. "గుడిలో ప్రసాదాల వంటకు మనిషి కావల్ల. నీ కోసమే నిలిపిండాను. శ్రావణానికి వచ్చెయ్. ఇంకా ఎన్నేండ్లు పడతావు ఆ మసి కింద?"

మా ఆయన ఫోను పెట్టి నా వైపు తిరిగారు. "రామప్ప బండి ఇంకొక్కసారి విప్పి చూస్తాను. మూడో గ్యాస్కెట్ కూడా పోతే షెడ్డు మూసేద్దాం. నందికి పోదాం" అన్నారు.

ఏడవలేదు నేను. అరిచాను. ఇరవై ఏళ్ళ పనితనాన్ని ఒక రేకుముక్క మీద పందెం కాస్తారా అని అరిచాను. ఆయన విన్నారు. "నాకూ నమ్మకం పోయింది వరం" అన్నారు. వరం అని నన్ను పిలిచేది ఆయనొక్కరే.

ఆదివారం ఇద్దరం సోమేనహళ్ళి వెళ్ళాం. రామప్ప అరిస్తే తిరిగి అరవడానికి ఇంట్లోంచి ఒకరుండాలని నేను వెంటబడ్డాను. బండి వాకిట్లో టార్పాలిను కింద ఉంది. రామప్ప అరుగు మీద కూర్చుని రమ్మనలేదు, పొమ్మనలేదు. అతని భార్య లక్ష్మీనరసమ్మే "రాండమ్మా, కాళ్ళు కడుక్కోండి" అని పెరట్లోకి పిలిచింది. అక్కడ స్నానాల నీళ్ళు కాగబెట్టే రాగి కాగును బోర్లించి, పాత కొడవలి వెనకవైపుతో టకటకా కొడుతూ ఉంది. లోపల్నుంచి తెల్లటి పెచ్చులు రాలుతున్నాయి, ఒక్కోటి అప్పడం మందం.

"ఏందమ్మా అది?" మా ఆయన అడిగారు.

"సున్నం స్వామీ. మా బోరు నీళ్ళకు ఇట్లే కడతాది. ఆర్నెల్లకొకసారి రాలగొట్టల్ల. లేకుంటే ఎన్ని కట్టెలు పెట్టినా కాగు అడుగు కాలిపోతాది గానీ నీళ్ళు కాగవు."

కాళ్ళు కడుక్కోకుండానే ఆయన చెంబు కింద పెట్టేశారు. ఒక పెచ్చు తీసి చొక్కా జేబులో వేసుకున్నారు. మడి, మైల ఇంత పట్టించుకునే మనిషి బురద కాళ్ళతోనే అరుగు దగ్గరికి నడిచారు.

"రామప్పా, వారం దినాలు ఇయ్యి. బండి తోలించుకు పోతా."

"రెండుసార్లు చాలలేదా?"

"చాలలేదు."

నోరు తెరిచి నేనేదో అనబోయాను. లోపల్నుంచి లక్ష్మీనరసమ్మ నాకన్నా ముందు అందుకుంది. "ఇంటికొచ్చి అడిగినోళ్ళకు లేదంటావా? ఇయ్యి!" రామప్ప మీసం గోక్కున్నాడు. "వచ్చే సోమవారం నందీశ్ దగ్గరికి తోలేస్తా. అంతదాకా నీ ఇష్టం" అన్నాడు.

షెడ్డులో హెడ్డు విప్పాక, ముందు నందీశ్ మాట పరీక్షించారు. పగులుంటే ఎర్రగీత చూపించే మందు బ్లాకంతా పూశారు. ఒక్క గీత రాలేదు. ఉక్కుబద్ద పెట్టి చూస్తే బ్లాకు అద్దంలా చదునుగా ఉంది. తరువాత బ్లాకు పక్కనుండే గుండ్రటి మూతలు ఊడదీశారు. అవి కారకపోతే ఏ మెకానిక్కూ ముట్టడు. మొదటి మూడు సిలిండర్ల దగ్గర తీగ లోపలికి సులువుగా దూరింది. నాలుగో దాని వెనక గోరంత కూడా దిగలేదు. నీళ్ళు తిరగాల్సిన సందంతా తెల్లగా గడ్డకట్టి ఉంది. ఉలి పెట్టి కొడితే అప్పడాలే రాలాయి!

ఆయన గట్టిగా నవ్వారు. షెడ్డు మొదలుపెట్టిన రోజు కూడా అలా నవ్వలేదు. నేను బడికి ఫోను చేసి సెలవు పెట్టేశాను.

రోగం దొరికింది. అయితే మందుకన్నా కష్టం, దాన్ని రామప్పకు చెప్పడం. మా వైపు ఒక రైతుకు నీ బోరు నీళ్ళు మంచివి కావని చెప్పడం, నీ బిడ్డకు బుద్ధి లేదని చెప్పడం లాంటిది. మర్నాడు రామప్ప వచ్చాడు. మా ఆయన రెండు అరచేతుల్లో రెండు పెచ్చులు పెట్టి చాపారు.

"ఒకటి మీ కాగులోది, ఇంకొకటి మీ ఇంజనులోది. ఏది ఏదో చెప్పు రామప్పా."

రామప్ప వాటిని తిప్పి చూశాడు, వాసన చూశాడు, గోటితో గీకాడు. ముఖం ఎర్రబడింది. "నా నీళ్ళనే తప్పు పడతాండావా స్వామీ?"

"నీళ్ళది తప్పు కాదప్పా. అవి మనుషులకు, చేనుకు. ఇంజనుకు కాదు. తప్పు నాది. ఆ పొద్దు నువ్వు క్యాను తెస్తే వద్దని చెప్పల్ల. నీకు బాధ అవుతాదని చెప్పలేదు. నాకు తెలిసీ పోసినా, రెండుసార్లు."

రామప్ప చాలాసేపు బ్లాకులోకి వంగి చూశాడు. "బండి నిండా జనాన్ని ఎక్కించుకుని నంది కొండ ఎక్కల్ల. ముల్లు లేవకుండా ఎక్కితే నమ్ముతా" అన్నాడు.

మూడు రోజులు సున్నం కరిగించే నిమ్మ ఉప్పు వేడినీళ్ళలో కలిపి, పోసి, వంపి, మళ్ళీ పోశారు. తీగలతో సందు సందూ పొడిచారు. రేడియేటరు కడిగారు. బోల్టులు దిగే గుంతల్లో తేమ లేకుండా గాలి కొట్టారు. ఆ గుంతల అడుగున నీటిచుక్కలుంటే బోల్టు బిగిసినట్టు మోసం చేస్తుందని అప్పుడే నాకు చెప్పారు. మూడో గ్యాస్కెట్ పరిచారు. పది బోల్టులు నడిమధ్య నుంచి బయటికి, మూడు విడతలుగా బిగించాలి. కాగితం చూసి నేను నంబరు చదివాను, ఆయన బిగించారు. ఆఖరున అలమరలోంచి కూలెంటు డబ్బాలు తీసి పోశారు. ఈసారి క్యాను రాలేదు. స్టార్టు చేస్తే, మూత తీసిన రేడియేటరులో ఒక్క బుడగ లేదు.

ఆదివారం పొద్దున్నే బండిలో రామప్ప స్టీరింగు పట్టుకున్నాడు, పక్కన మా ఆయన. వెనక నేను, లక్ష్మీనరసమ్మ, వాళ్ళ చుట్టాలు ముగ్గురు. బండికి బరువు పెరగాలని లక్ష్మీనరసమ్మ రాగుల మూట కూడా వేయించింది! కొండ మలుపుల్లో రామప్ప కావాలనే రెండో గేరులో గట్టిగా తొక్కాడు. మేం ఐదుగురం వెనక నుంచి మెడలు చాపి ముల్లునే చూశాం. అది మధ్యకు వచ్చి కూర్చుంది. పైదాకా అక్కడే కూర్చుంది. పైన బండి ఆపగానే లక్ష్మీనరసమ్మ చప్పట్లు కొట్టింది, నేను ఆవిడను వాటేసుకున్నాను. రామప్ప దిగి, బానెట్టు మీద చెయ్యి పెట్టి చూసి, మా ఆయనకు రెండు చేతులూ జోడించాడు.

దిగేటప్పుడు నందిలో బావగారింట్లో ఆగాం. ఆయన గుమ్మంలోనే, "శ్రావణం దాకా ఏంటికి? రేపు సోమవారం మంచి దినం. వంటింటి తాళాలు ఇచ్చేస్తా" అన్నారు.

"ఏం తాళాలు స్వామీ?" అన్నాడు రామప్ప.

నేను ఊరుకుంటానా? మొత్తం చెప్పేశాను. రామప్ప ముఖం పాలిపోయింది. "నా నోటికి షెడ్డు మూతబడుతాదని నాకు తెలీదమ్మా. యాడ అరిచినానో ఆడనే, అంతే గట్టిగా, ఆ మాట వెనక్కి తీసుకుంటా" అన్నాడు.

మా ఆయన అన్నగారికి ఎదురుగా నిలబడ్డారు. తల వంచలేదు. "వంటకు ఇంకొకర్ని చూసుకో అన్నా. నేను రాను. నాకు పని ఉండాది."

బావగారు ఆయన చేతుల వైపు చూశారు. గోళ్ళ సందుల్లో మసి అలాగే ఉంది. గొంతు తగ్గించి, "మా కారు కూడా ఈ మధ్య ఆవిరి కక్కుతాంది. వచ్చిండావు గదా, ఒకసారి చూడు" అన్నారు.

"ఈడ చూడను అన్నా. షెడ్డుకు తీసుకురా."

రామప్ప చెప్పినట్టే మార్కెట్టులో అరిచాడు. గురువారానికి మా షెడ్డు ముందు ఆంజనేయప్ప ట్రాక్టరుతో కలిపి ఎనిమిది బండ్లు నిలబడ్డాయి. తొమ్మిదోది బావగారిది. ఇరవై ఏళ్ళలో ఒక్కసారీ ఆ గడప తొక్కని మనిషి, పంచె పైకెత్తి పట్టుకుని, ఆయిలు మరకల మధ్య కాలు ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డారు. మా ఆయన ఇంజను మీద నుంచి తల ఎత్తకుండానే, "కూర్చో అన్నా, నీ ముందు ఎనిమిది మంది ఉండారు" అన్నారు.

బావగారు కూర్చున్నారు.