సముద్రానికి పొగ వేసిన పొద్దు

ఆ రోజుల్లో మనిషికి జలుబు చేస్తే ఎవరూ పట్టించుకునేవారు కాదు గానీ, మామిడిచెట్టుకు జలుబు చేస్తుందేమోనని ఊరు ఊరంతా కంగారుపడేది. నూజివీడు చుట్టుపక్కల తోటల్లో పుట్టినవాళ్ళకు ఇందులో వింతేమీ కనిపించదు. చెట్టు పూతకు వచ్చిందంటే చాలు, మావాళ్ళ మెడలు ఆకాశం వైపు తిరిగిపోయేవి. దారిలో ఎదురుపడినవాళ్ళు 'బాగున్నారా' అని అడగడం మానేసి 'మబ్బేమన్నా పట్టేట్టుందా' అని అడిగేవాళ్ళు. మంచు పడితే పూత మాడిపోతుంది, చినుకు పడితే రాలిపోతుంది. అందుకని తెల్లవారే వేళ మంచు దిగుతున్న జాడ కనిపించగానే తోటకు గాలివైపున తడిగడ్డీ, ఆకూ అలమూ కుప్పవేసి పొగ పెట్టేవాళ్ళం. ఆ పొగకు మంచు పోయేదో లేదో దేవుడికే తెలియాలి (తనంతట తను పోయినా ఆ ఘనత పొగకే దక్కేది). పెట్టకపోతే మాత్రం ఇంట్లో పెద్దవాళ్ళ తిట్లకు పూత కన్నా ముందు మనిషి మాడిపోయేవాడు. నేను నడక నేర్చుకోవడమూ, పొగ వేయడం నేర్చుకోవడమూ ఇంచుమించు ఒకేసారి జరిగాయని మా అమ్మ చెప్పేది.

అలాంటివాణ్ణి సముద్రం మీదకు ఎలా పోయానంటే, స్వరాజ్యం వచ్చిన కొత్తలో మా నాన్న కౌలుకు తీసుకున్న తోట వరసగా దెబ్బతింది. నేనేమో స్కూలు ఫైనలు తప్పి, రెండోసారి కట్టి, దాన్ని కూడా అంతే శ్రద్ధగా తప్పాను. తోటా కాయడం లేదు, కొడుకూ కాయడం లేదని మా నాన్న నన్ను బొగ్గుతో నడిచే బస్సెక్కించి బందరు పంపించేశాడు. అక్కడ సముద్రపు ఒడ్డు పల్లెలో మా పిన్ని ఉండేది. బాబాయికి ఒక షికారు పడవ ఉండేది. బందరు ప్లీడర్లూ, డాక్టర్లూ, అప్పుడప్పుడూ బెజవాడ నుంచి వచ్చే ఆఫీసర్లూ సెలవురోజున ఆ పడవెక్కి, ఏరు సముద్రంలో కలిసే మొగ దాకా వెళ్ళి గేలం వేసేవాళ్ళు. వాళ్ళను జాగ్రత్తగా తీసుకెళ్ళి, ఎర గుచ్చి ఇచ్చి, చేప పడినా పడకపోయినా సంతోషంగా తిరిగి తీసుకురావడమే ఉద్యోగం. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు కదా అని బాబాయి నన్ను అందులో పెట్టాడు. నాకు వచ్చిన ఇంగ్లీషుకూ చేపలకూ ఏ సంబంధమూ లేదని తెలియడానికి ఆయనకు ఎక్కువ కాలం పట్టలేదు.

గెడ వేయడం, లంగరు వేయడం తొందరగానే వచ్చాయి. రానిదల్లా వాతావరణం. శివరాత్రి ముందు రోజుల్లో సముద్రపుటొడ్డు ఆకాశాన్ని నమ్ముకోవడం కన్నా చంటిపిల్లాడి నవ్వును నమ్ముకోవడం మేలు. పొద్దున్నే మంచు, కాసేపటికి కళ్ళు చెదిరే ఎండ, మధ్యాహ్నానికి గాలి దక్షిణానికి తిరిగి పడవను ఊయల ఊపడం, ఇంతలో ఎక్కడి నుంచో ఒక మబ్బుతునక వచ్చి ప్లీడరుగారి కోటు మాత్రమే తడిపిపోవడం. 'ఈ రోజెలా ఉంటుందోయ్' అని వాళ్ళు అడిగితే నేను గంభీరంగా ఆకాశం చూసి, 'పిందె నిలుస్తుందండీ' అనేవాణ్ణి. వాళ్ళు అదేదో పడవవాళ్ళ పరిభాష అనుకుని తలూపేవాళ్ళు. చేపలెక్కడ ఉంటాయంటే మాత్రం ఏదో ఒక మలుపు చూపించేవాణ్ణి. నేను చూపించిన చోట చేప పడిందన్న అపనింద అప్పటిదాకా నా మీద లేదు.

అయినా హాయిగానే ఉండేది. పిన్ని వండిన చేపల పులుసూ, బాబాయి చెప్పే కబుర్లూ, తిట్టడానికి నాన్న దగ్గర లేకపోవడమూ, ఇన్ని సుఖాలు ఒక్కచోట దొరకడం మామూలు విషయం కాదు. ఒకే ఒక్క బెంగ. మా నూజివీడు వైపే, ముసునూరు దగ్గర ఒక తోటలో, చెట్ల మధ్య మంచె మీద నిలబడి, ఒడిసెల తిప్పి చిలకల్ని తోలుతున్న ఒక అమ్మాయిని అంతకుముందు వేసవిలో చూశాను. ఆవిడ విసిరిన మట్టిగుండు చిలకను వదిలేసి నా చెవి పక్క నుంచి పోయింది. 'అక్కడెందుకు నించున్నావ్? నువ్వేమన్నా చిలకవా?' అని ఆవిడే నన్ను కసిరింది. ఆ క్షణం నుంచి నాకు వేరే సంబంధాలేవీ నచ్చలేదు. మా అమ్మ కనిపెట్టి కబురు పంపింది. అమ్మాయి తండ్రి అంతా విని, 'కుటుంబం మంచిదే గానీ, కుర్రాడు నీళ్ళ మీద బతుకుతున్నాడట. నా పిల్లని నీళ్ళపాలు చెయ్యను' అన్నాడట. అమ్మాయేమో, 'చూడకుండా వద్దంటే ఎలా నాన్నా, వెళ్ళి చూసిరా' అందట. (ఈ సంగతి నాకు పెళ్ళయ్యాక గానీ తెలియలేదు. అప్పుడే తెలిసుంటే పడవలో ఇంకా ఎక్కువ తప్పులు చేసేవాణ్ణి.)

ఒకరోజు మధ్యాహ్నం బాబాయి నన్ను పిలిచాడు. అప్పుడాయన గవదబిళ్ళలు వచ్చి, చెంపలు బూరెల్లా పొంగి, గడ్డం కింద నుంచి నెత్తి మీదకు తువ్వాలు కట్టుకుని ఉన్నాడు.

"ఒరేయ్, రేప్పొద్దున గేలం వెయ్యడానికి ఒకాయన వస్తున్నాడు. ముసునూరు వైపునుంచి."

"ముసునూరోళ్ళకి గేలమెందుకు బాబాయ్?"

"గేలం నీకేరా, మొద్దూ! పిల్ల తండ్రి. నిన్ను చూడ్డానికొస్తున్నాడు గానీ ఆ మాట పైకి చెప్పడు. నువ్వూ తెలిసినట్టు ఉండకు. నేను రాలేను. పడవ జాగ్రత్త, మనిషి జాగ్రత్త. మంచు కమ్మితే లంగరేసి కదలకుండా కూచో, అర్థమైందా? ఇంకేం చెయ్యకు."

ఆ 'ఇంకేం చెయ్యకు' అన్న మాటకు అంత విలువుందని అప్పుడు నాకు తోచలేదు.

తెల్లారేసరికి ఆయన వచ్చాడు. ఇస్త్రీ ఖద్దరు చొక్కా, కండువా, చంకలో గొడుగు, చేతిలో పులిహోర మూట. చెప్పులు విప్పి, పడవకు దణ్ణం పెట్టి ఎక్కాడు. గేలం కర్ర చేతికిస్తే దాన్ని రెండు చేతులా పట్టుకుని నిటారుగా పైకెత్తాడు, కాయలు కోసే చిక్కం కర్రలాగా. కొక్కెం ఆకాశంలో వేలాడింది. నేను వినయంగా కిందికి దించాను. ఆయన కూడా అంతే వినయంగా మళ్ళీ పైకెత్తాడు.

"ఎప్పుడన్నా పడవ తిరగబడిందా బాబూ?" అని అడిగాడు కాసేపటికి, ఊరికే అడుగుతున్నట్టు.

"లేదండీ. ఒక్కసారేనండి."

"ఒక్కసారా!"

"అదీ ఒడ్డునేనండి. రంగు వెయ్యడానికి మేమే తిరగేశామండి."

ఆయన పడవ అంచు మీద చెయ్యి బిగించాడు. నేనేం మాట్లాడినా నా పెళ్ళి ఇంకో బార దూరం జరుగుతోందని తెలుస్తూనే ఉంది. ఎలాగైనా ఒక్క చేప పడితే నేను పనిమంతుణ్ణని ఆయన ఇంటికెళ్ళి చెబుతాడు కదా అని, ఉన్న దేవుళ్ళందరికీ మొక్కుకుని, నీటి అంచున గుబురుగా పెరిగిన మడచెట్ల పక్కన ఒక మలుపు చూపించి, "ఇక్కడ వెయ్యండి, ఖాయంగా పడుతుంది" అన్నాను. లంగరు దించాను. ఆయన గేలం వేశాడు. నమ్ముతారో లేదో, కాసేపట్లోనే కర్ర విల్లులా వంగింది. నీళ్ళలో తళుక్కుమని తిరిగింది పండుగప్ప. ఎంత చేపో చెబితే ఇప్పటికీ మా ఆవిడ దగ్గుతుంది కాబట్టి చెప్పను. "లాగకండి, లాగకండి, కాస్త వదిలి పట్టుకోండి" అని నేను, "తొడిమ తెగట్లేదోయ్" అని ఆయన, ఇద్దరం ఒకరి మీద ఒకరు పడిపోతున్నాం. సరిగ్గా అప్పుడే తూర్పునుంచి మంచు దిగింది.

దిగడమంటే అలా ఇలా కాదు. మడచెట్లు పోయాయి, ఒడ్డు పోయింది, పడవ ముక్కు కూడా పోయింది. ఆయన తలెత్తి చూశాడు. మొహంలో చేప పట్టిన సంతోషమంతా ఆరిపోయింది.

"అబ్బాయ్, మంచు!"

"మంచేనండీ."

"గాలి ఎటు పోతోందోయ్?"

తడిపిన వేలు పైకెత్తి చూశాను. "తూర్పుగాలండీ. మన తోటలవైపుకే పోతుంది."

"అయ్యో, పూతంతా ఇప్పుడే విచ్చిందయ్యా!" అన్నాడు ఆయన.

ఆ మాట విన్నాక జరిగింది నా ప్రమేయంతో జరిగిందని నేను చెప్పలేను. పూత, మంచు అనే రెండు మాటలు కలిపి వింటే మావాళ్ళ చేతులు వాటంతట అవే కదులుతాయి. పడవలో టీ కాచే కుంపటి ఉంది. ప్లీడరుగార్లు మెత్తగా కూర్చోవడానికి పరిచిన గడ్డి ఉంది. రాత్రి మంచుకు అది తడిసి, పొగకు సరిగ్గా పదునుగా ఉంది. కుంపటి రాజేసి గడ్డి పెట్టాను. ఆయన గేలం కర్రను కాళ్ళ కింద పడేసి, కండువాతో విసరడం మొదలుపెట్టాడు.

"గాలికడ్డంగా పెట్టు, అడ్డంగా!"

"పెట్టానండీ!"

"మంట లేవనీకు, తడిది వెయ్యి! ఆఁ, అదీ! కొబ్బరిపీచు లేదూ?"

"ఉందండీ!"

మీరు నవ్వుతారు గానీ, అంత చక్కటి పొగ నేను జన్మలో వేయలేదు. తెల్లగా, చిక్కగా, నేలబారున పాకే పొగ. ఇద్దరం దగ్గుతూ, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, పని బాగా కుదిరినవాళ్ళ తృప్తితో ఎదురెదురుగా కూర్చున్నాం. ఆయన పులిహోర మూట విప్పి నా చేతిలో ఒక ముద్ద కూడా పెట్టాడు. సగం తిన్నాక ఆయన నమలడం ఆపేశాడు.

"అవునూ," అన్నాడు మెల్లిగా, "ఇక్కడ చెట్టేదోయ్?"

నేను చుట్టూ చూశాను. నీళ్ళున్నాయి. చెట్టు లేదు. కర్రా లేదు, దాన్ని చేప తీసుకుపోయింది. నోట్లో ఉన్న పులిహోర మింగాను. ఆయన పొట్ట ముందు కదిలింది, తరవాత భుజాలు కదిలాయి, ఆ తరవాత పడవంతా కదిలేలా నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వాలో ఏడవాలో తెలియక నేనూ నవ్వాను.

ఆ నవ్వు మధ్యలోనే మంచులోంచి కేకలు వినిపించాయి. పొగ వాసన ఒడ్డుకు చేరి, షికారు పడవ తగలబడిపోతోందని పల్లె పల్లెంతా పడవలేసుకుని బయలుదేరింది. అందరికన్నా ముందు నెత్తికి తువ్వాలు కట్టుకున్న మా బాబాయి. ఏం జరిగిందో అడిగే తీరిక ఎవరికీ లేదు. పొగ ఎక్కడుంటే అక్కడ బకెట్లతో కుమ్మరించారు. కుంపటి ఆరింది, పులిహోర తేలింది, కాబోయే మామగారు తల నుంచి కాళ్ళ దాకా తడిసి గొడుగు విప్పుకున్నాడు.

"మంచుకి పొగేశాం బాబాయ్" అన్నాను. వేరే ఏం చెప్పినా ఇంతకన్నా నయంగా ఉండేది.

బాబాయి గవదబిళ్ళల నొప్పి కూడా మరిచిపోయి నోరు పూర్తిగా తెరిచాడు. "సముద్రానికి పొగేశావురా? నీకు సముద్రం దేనికిరా? ఇవాళ్టితో సరి! మళ్ళీ నా పడవలో కాలు పెట్టావంటే నిన్నే ఎరగా గుచ్చుతా!" అన్నాడు, పిల్ల తండ్రి ముందే, ఊరందరి ముందే. నా ఉద్యోగం పోయింది. దానికోసం నాకేమీ దిగులు లేదు. మంచె మీద నిలబడ్డ ఆ అమ్మాయి మాత్రం మంచులో మడచెట్లు పోయినట్టే పోయిందనిపించి, ఒడ్డు చేరేదాకా తలెత్తలేకపోయాను.

ఇంటికి వెళ్ళాక ఆ పెద్దాయన మా బాబాయి పంచె కట్టుకుని, అరుగు మీద కూర్చుని, పిన్ని ఇచ్చిన కాఫీ తాగాడు. తాగి, గ్లాసు పక్కన పెట్టి, బాబాయి వైపు తిరిగాడు.

"కుర్రాణ్ణి పన్లోంచి తీసేశానన్నారు. కోపంలో అన్నారా, నిజంగానేనా?"

"నిజంగానేనండి."

"మళ్ళీ పెట్టుకోరు గదా?"

"చచ్చినా పెట్టుకోనండి!"

"అయితే ఇక మాట్లాడుకుందాం," అన్నాడు ఆయన హాయిగా వెనక్కి వాలి. "నీళ్ళ మీద ఉద్యోగమనే గదండీ నేను వద్దంది. ఆ అడ్డు మీరే తీసేశారు. నాకా మగపిల్లలు లేరు, తోట చూసుకునేవాడు కావాలి. సముద్రం మధ్యలో కూచుని కూడా నా పూతకి పొగేసినోడికి పిల్లనివ్వకపోతే ఇంకెవడికిస్తానండీ?"

పిన్ని లోపల్నుంచి నవ్వింది. బాబాయి మాత్రం తువ్వాలు సర్దుకుంటూ, "గేలం కర్ర సంగతి ఎవరు చూస్తారు?" అని గొణిగాడు. నేను ఆనందంతో అక్కడున్నవాళ్ళందరికీ దణ్ణాలు పెట్టేశాను. చూడవచ్చిన పక్కింటి పిల్లలకు కూడా పెట్టానట.

ఆ ఏడు కాయ కోతలయ్యాక మా పెళ్ళయింది. అప్పట్నుంచి ఇప్పటిదాకా నా బతుకంతా మామిడి నీడలోనే గడిచింది. మంచి బతుకే. లోటేమీ లేదు. కానీ, ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. ఆ పొద్దున పడవలో నిలబడి 'ఇక్కడ వెయ్యండి, ఖాయంగా పడుతుంది' అన్న ఆ కుర్రవాడంటే నాకిప్పటికీ ముచ్చటే. అన్నచోటే చేప పడింది. తన జీవితంలో ఒకే ఒక్కసారి వాడు అచ్చమైన సముద్రపువాడు అయ్యాడు. ఆ సంగతి ఎవరూ గమనించలేదు, వాడితో సహా. పొగకు గడ్డి వెతుక్కునే హడావిడిలో ఉన్నాడు పాపం.