కరెంటును నమ్మని బాబాయి

మా బాబాయి లోకంలో అందర్నీ నమ్మేవాడు, ఒక్క కరెంటును తప్ప. వెలుగుతున్న బల్బును, చేబదులు అడగడానికొచ్చిన చుట్టాన్ని చూసినట్టు ఓరకంట చూసేవాడు. ఏదో మాట్లాడుతూ మధ్యలో ఆగి, "ఇప్పుడు కరెంటు పోతే?" అనేవాడు. ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఎందుకంటే మా ఊళ్ళో కరెంటు పోదు. ఎప్పుడైనా పోయినా, పోయిందని ఒకరితో ఒకరం చెప్పుకునేలోపే వచ్చేసేది.

ఆయన పళ్ళ డాక్టరు. పన్ను సగం తవ్వాక కరెంటు పోతుందేమోనన్న బెంగ ఆసుపత్రిలో మొదలై ఇంటిదాకా పాకిందని మేమంతా అనుకునేవాళ్ళం. వీధివాళ్ళు ఆయనకు చీకటి డాక్టరని పేరు పెట్టారు. ఆ పేరు చెవిన పడితే ఆయన కోప్పడేవాడు కాదు. ఎవరో శాలువా కప్పినట్టు తల వంచి నవ్వేవాడు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. వెళ్ళిన రోజు పెట్టె దించబోతే, "అక్కడ కాదమ్మాయ్" అన్నాడు. మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా ఇల్లంతా తిప్పి చూపించాడు. నేల మీద ప్రతి కుర్చీ కాలికీ ఒక గుర్తు. కుర్చీ ఆ గుర్తు దాటిందా, ఆ పూట ఇంట్లో పంచాయితీయే. గోడ వెంట హాల్లోంచి పెరటి గుమ్మం దాకా తాడు కట్టాడు. వంటింటి దగ్గర దానికి ఒక ముడి, స్నానాల గది దగ్గర రెండు. ఆ రెంటి తేడా తెలియకపోతే ఎంత ప్రమాదమో నాకు సోదాహరణంగా వివరించాడు. ఉప్పు డబ్బా మీద ఒక బొత్తాం అంటించాడు, పంచదార డబ్బా మీద రెండు. కారం డబ్బాకు మాత్రం గరుకు కాగితం చుట్టాడు. అదెందుకని అడిగితే, కారం ముట్టుకోగానే కారంగా ఉండాలి కదా అన్నాడు. పై వాటాలో అద్దెకుండే లాయరుగారిని బతిమాలి, మేడమెట్ల కమ్మీకి కూడా అలాంటి ముడులే వేశాడు.

వీటన్నిటికంటే వింత ఇంకొకటుంది. కరెంటు పోవడానికి అంత సిద్ధంగా ఉన్న ఆ ఇంట్లో ఒక్క టార్చి లేదు, ఒక్క కొవ్వొత్తి లేదు.

"ఒక ఇన్వర్టర్ కొనుక్కోవచ్చుగా బాబాయ్?"

"అదీ కరెంటే. పెద్దవాణ్ణి నమ్మనివాణ్ణి, వాడి తమ్ముణ్ణి నమ్ముతానా?" అన్నాడు. కొవ్వొత్తి కరిగిపోతుందట, టార్చిలో బ్యాటరీ చచ్చిపోతుందట. "చెయ్యి మాత్రం ఎప్పుడూ నీ దగ్గరే ఉంటుంది. దాన్ని నమ్ము."

శుక్రవారం వచ్చిందంటే రాత్రి భోజనాలకు ముందు మెయిన్ స్విచ్ కట్టేసేవాడు. దాన్ని ఆయన సాధన అనేవాడు, ఆ ఇంట్లోనే ఉండే మా నాయనమ్మ శిక్ష అనేది. కిటికీలకు మందపాటి తెరలు దించి, వంట, వడ్డన, భోజనం, గిన్నెలు కడగడం, అన్నీ కటిక చీకట్లోనే. ఒకసారి లాయరుగారు ముచ్చటపడి భోజనానికి వచ్చారు. నీళ్ళనుకుని కూర ఒళ్ళో ఒంపుకుని, అది చాలదన్నట్టు నా కంచంలోది తినేసి, వంట బ్రహ్మాండంగా ఉందని మెచ్చుకుని వెళ్ళారు. ఇంకోసారి చీకట్లోంచి బాబాయి గొంతు వినిపించింది, నా వేలు కొరికిందెవరని. కొరికింది నాయనమ్మ. పళ్ళ డాక్టరు వేలు కొరకడం కన్నతల్లికే చెల్లింది. "దీపం ఆర్పుకుని మరీ చీకటి కోసం ఎదురుచూసేవాణ్ణి నిన్నే చూశానురా" అందావిడ, నమలడం ఆపకుండా.

మా పిన్ని బళ్ళో లెక్కల టీచరు. తప్పు చేసినవాళ్ళను ఒక్క చూపుతో కూర్చోబెట్టగలదు. కానీ ఈ సాధనలో మొదట్లో ఆవిడే అందరికంటే వెనకబడిందట. గ్లాసు తన్నేసేది, తలుపుకు తగులుకునేది. అప్పుడల్లా బాబాయి ముందే, "తప్పు నాదే, నేనే సరైన చోట పెట్టలేదు" అనేసి, మర్నాడు ఆ వస్తువు చోటు మార్చేవాడట. పిన్ని సణిగేది, కానీ చేసేది. నేను వెళ్ళేసరికి ఆ చీకట్లో ఆవిడ నడక చూడాలి. చూడాలంటే వీలుకాదు, వినాలి. ఎక్కడా ఒక్క గిన్నె చప్పుడయ్యేది కాదు.

ఇలా ఉండగా ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. చెట్లు విరిగి తీగల మీద పడ్డాయి. ఊరు ఊరంతా ఒక్కసారి ఆరిపోయింది. బాబాయి జీవితమంతా ఎదురుచూసిన కరెంటు కోత రానే వచ్చింది. పాపం, ఆ సమయానికి ఆయన ఇంట్లో లేడు. ఆసుపత్రిలో ఎవరి నోట్లోనో చెయ్యి పెట్టుకుని ఉన్నాడు.

నేనూ, పిన్నీ, నాయనమ్మా నిమ్మళంగా కూర్చున్నాం. అంతలో మెట్ల మీద లాయరుగారి కేక వినిపించింది. కొవ్వొత్తి పక్కనున్న కర్టెన్ అంటుకుందట. మంట ఎలాగో తొక్కి ఆర్పారు గానీ, అంటుకున్న పరుపు ఒకటే పొగ కక్కుతోందట. వాళ్ళమ్మగారు వెనక గదిలో ఉండిపోయారు. ఆసరా లేకుండా మంచం దిగలేని మనిషి. నేను ఫోన్ వెలిగించి మెట్లెక్కాను. పొగలో ఆ వెలుతురు నా ముందు తెల్లగోడలా నిలబడిందే తప్ప దారి చూపలేదు. లాయరుగారు రెండుసార్లు లోపలికెళ్ళి, రెండుసార్లూ గోడకు గుద్దుకుని దగ్గుతూ బయటికొచ్చారు.

పిన్ని తడిగుడ్డ ముక్కుకు కట్టుకుంది. "పై వాటా మన వాటాలాంటిదేగా" అంది. ఆ మాట నాతో అందో, తనతో తనే అనుకుందో తెలియదు. నేను చెయ్యి పట్టుకోబోతే విదిలించి లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి పొగలోంచి ఆవిడ గొంతు తాపీగా వినిపించింది. "కుడికాలు ముందుకు వెయ్యండమ్మా. ఇక్కడ గడప ఉంది." బళ్ళో పిల్లలకు హెచ్చవేతలు చెప్పే గొంతే. పెద్దావిడను భుజానికి ఆనించుకుని, దారిలో దేనికీ తగలకుండా, మెట్లు దింపి మా హాల్లో కూర్చోబెట్టింది. లాయరుగారు రెండు చేతులూ జోడించారు. మాట రాలేదు. వకీలుకు మాట రాకపోవడం తన బతుకులో చూడటం అదే మొదటిసారి అంది మా నాయనమ్మ.

అప్పుడొచ్చాడు బాబాయి, వానలో పరుగెత్తుకుంటూ. నుదుటికి పళ్ళు చూసే దీపం అలాగే ఉంది. తాడు పనిచేసిందా, ముడులు పనిచేశాయా అని అడుగుతాడనుకున్నాను. అడగలేదు.

"మీ పిన్నేది?"

వంటింట్లో అందరికీ టీ పెడుతోందని చెప్పాను. జరిగిందంతా చెప్పాను. ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. అప్పుడు చెప్పాడు అసలు సంగతి. పిన్నికి మసక వెలుతురైతే చాలు, ఏమీ కనిపించదట. ముందు రాత్రి చూపు పోతుంది, పోనుపోనూ పగటి చూపూ పోవచ్చు, అలాంటి జబ్బట. తనొక్కతే వెళ్ళి కళ్ళు చూపించుకుని, కళ్ళజోడు మార్చమన్నారంతే అని ఇంట్లో చెప్పిందట. ఆ కంటి డాక్టరు బాబాయితో చదువుకున్నవాడు. గుచ్చిగుచ్చి అడిగితే చెప్పేశాడు.

"దానికి ఎవరైనా జాలిపడితే గిట్టదు. చెయ్యి పట్టుకుంటే విదిలిస్తుంది. అందుకని నాకే చీకటంటే భయమన్నాను. పోయేదేముంది, పరువేగా" అన్నాడు. "దీపాలు ఎన్నైనా కొనొచ్చమ్మాయ్. ఆ చీకటి దీపంతో పోయేది కాదు. నాకు తెలుసని మాత్రం మీ పిన్నితో అనకు."

అననని మాటిచ్చి వంటింట్లోకి వెళ్ళాను. పిన్ని చీకట్లో టీ వడగడుతోంది.

"ఏమంటాడు మీ బాబాయి? నాతో చెప్పొద్దన్నాడా?"

నేను గ్లాసుల కోసం గట్టు మీద తడిమాను.

"ఆ తాడు కట్టిన రోజే తెలిసింది నాకు. ఆయన ఆరడుగుల మనిషి. తన భయానికి కట్టుకున్నవాడైతే తన చేతికందేలా కట్టుకుంటాడు గానీ, నా చేతికందేలా ఎందుకు కడతాడు?" అంది. "పోనీలే, చెప్పకు. ఆ మనిషికి ఇది దాచడంలో ఉన్న సంతోషం పళ్ళు పీకడంలో కూడా లేదు."

టీలయ్యాయి. పెద్దావిడ కుదుటపడింది. వాన వెలిసినా కరెంటు జాడలేదు. వీధిలోవాళ్ళంతా గుమ్మాల్లోకి వచ్చి కబుర్లు చెప్పుకుంటున్నారు. పొద్దుగూకాక పిన్ని గడప దాటి ఏళ్ళయింది, ఎప్పుడు పిలిచినా తలనొప్పనేది. ఆ వేళ తనే లేచి చెప్పులు వేసుకుంది.

"పదండి, వీధి చివరిదాకా నడిచొద్దాం."

"ఇంత చీకట్లోనా?" అన్నాడు బాబాయి కంగారుగా.

"మీకు చీకటంటే భయం కదా" అంటూ పిన్ని చెయ్యి చాపింది. "నా చెయ్యి పట్టుకోండి. నేనున్నాగా."

బాబాయి ఆ చేతిని, నిజంగా భయపడ్డవాడిలా, గట్టిగా పట్టుకున్నాడు.